తడియారు వేళ

తలంటి యనగానే మనకు స్ఫురించునవి నూనెగిన్నెయు, సున్నిపిండియు, నురుగు పొంగు కుంకుడురసమును, ఆ రసము కంట బడినప్పుడు బాల్యమున మనము పెట్టిన కేకలును. కడపటి చెంబు నెత్తిన పోసికొని, తుండు చుట్టుకొని, పెరటి గడప దాటి లోనికి వచ్చుటతో ఆ ఘట్టము ముగిసినదని పురుషులును పిల్లలును తలంతురు. కోనసీమలోని మా అమ్మమ్మ యింట శుక్రవారమునాటి అసలు పని అప్పుడే యారంభమగుచుండెడిది. నీరోడుచున్న కురులు జడగా మారులోపల గడచు ఆ రెండు గంటలలో ఆమె చేయు నుపచారములకు ప్రత్యేకమైన పేరేదియు లేదు. ఎవరైన నడిగినచో "పిల్లకి తల ఆరబెడుతున్నా" ననెడిది. పేరులేని యా పనిలో ఎంత నేర్పు, ఎంత ద్రవ్యజ్ఞానము ఇమిడియుండెనో, నా జుట్టును నేనే ఆరబెట్టుకొనవలసిన యీడు వచ్చి, నాలుగైదేండ్లు దానిని పాడుచేసికొన్న పిమ్మట గాని నాకు బోధపడలేదు.

ఆమె తరచుగా ననుచుండెడి మాట యొకటి కలదు: "కడిగేసేదానికి లెక్కేముందే అమ్మడూ, ఎంతైనా రాసుకో. తలలో ఉండిపోయేదానికి మాత్రం లెక్క తప్పకూడదు." స్నానమునకు ముందు పట్టించిన నూనె గిన్నెడైనను కుంకుడురసము దానిని కొనిపోవును, మెంతిముద్దయు, పెరుగును, మందారాకు పసరును ఎంత దట్టముగా పులిమినను నాలుగు చెంబుల నీటికి జారిపోవును. స్నానానంతరము తడిజుట్టునకు రాసినది యట్లుకాదు. మరల తలంటువరకు, అనగా వారముపాటు, అది యచ్చటనే యుండును. ధూళిని పట్టి యుంచునదియు, కుదుళ్ళయందు జిడ్డై పేరుకొనునదియు, దిండుగలీబును మరకచేయునదియు అదియే కాగలదు; కేశములకు కాపుగా నిలుచునదియు అదియే. ఔషధమునకు వైద్యులు మాత్ర నిర్ణయించినట్లు దీనికిని మాత్ర నిర్ణయింపవలసియుండెను. ఆ నిర్ణయము గ్రంథములందు లేదు, స్త్రీల అరచేతులయం దున్నది.

తడిసిన వెండ్రుక స్థితి యెట్టిదో తెలిసినగాని యీ జాగ్రత్త విలువ తెలియదు. వెండ్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో నేర్పడిన తంతువు. పెంకుటింటి కప్పుమీది పెంకులవలె దానిపై సన్నని పొలుసులు ఒకదానిపై నొకటి, కుదురునుండి కొసవైపునకు వాలియుండును. నీరు సోకినంతనే తంతువు ఉబ్బును, పొలుసుల యంచులు లేచును, లోపలి బంధములు కొన్ని సడలును. పొడిగా నున్నప్పటికంటె అప్పుడది యెక్కువగా సాగును, సాగినది సులభముగా తెగును. పైగా వెండ్రుకకు ప్రాణము లేదు గనుక దానికి తగిలిన గాయము మానుట యనునది లేదు. కత్తిరించువరకు నిలిచియే యుండును. నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగు జుట్టులో, నడుము తాకు జడకొస ఐదారేండ్లనాటిది. అది రెండువందల యేబది శుక్రవారములకు పైగా తడిసి, ఉబ్బి, ఆరినదన్నమాట. కుదుళ్ళవద్ద నున్న జుట్టును, కొసలవద్ద నున్న జుట్టును ఒకే తీరున చూచుట, పసివానికిని పండుముదుసలికిని ఒకే పథ్యము విధించుట వంటిది. అమ్మమ్మ ప్రతి యుపచారమును కొసలనుండి మొదలుపెట్టుటకు కారణ మిదియే యని యిప్పుడు తోచుచున్నది.

మొదట నీటిని తీయవలెను. ఇందుకు కొత్త తువాలు పనికిరాదు. తాతగారి పంచె పాతబడి, ఉతికి యుతికి వెన్నవలె మెత్తబడిన పిమ్మట చింపిన గుడ్డయే తగినది. జుట్టును పాయలుగా నందులో పొదివి, గుప్పిట బిగించి యొత్తవలెనే గాని రుద్దరాదు. తల వంచి, తుండును మెలిపెట్టి, కురులను టపటప కొట్టి నీరు దులుపు అలవాటు మన యిండ్లలో మిక్కుటము. చూచుటకది సొగసైనదే, అమ్మమ్మయు చేయుచుండెడిదే. కాని ఉబ్బి బలహీనమైయున్న తంతువులను అప్పుడట్లు కొట్టుట నాకు సమ్మతము కాదు. ఆమె పద్ధతులన్నిటిలో నేను విడిచిన దిదొక్కటియే. తరువాత చిక్కు తీయుట వ్రేళ్ళతోనే. దువ్వెన, అందునను పండ్లు ఎడముగా నున్న చెక్కదువ్వెన, సగము తడి యారినగాని జుట్టు మొగము చూడరాదు.

తలంటి చివర పోసికొను నిమ్మపులుసు సంగతి క్లుప్తముగా చెప్పెదను. కుంకుడురసమునకు సహజముగనే కొంచెము ఆమ్లగుణ మున్నది, కావున దానితో తలంటుకొన్నవారికి పులుసు నీటి యవసరము లేకుండెను. క్షారగుణము గల సబ్బు వచ్చి, చవిటినీటిలోని సున్నముతో కలిసి తెట్టుగట్టి కురులపై నిలువసాగిన పిమ్మటనే చెంబెడు నీటిలో అరచెక్క నిమ్మ పిండి కడపట పోసికొను ఆచారమునకు పని పడినది. దానిని తలయందే నిలువనిచ్చి యెండలో కూర్చుండినచో చర్మము కందును గనుక, ఆపైన మంచినీరు పోసికొనుటయే మేలు.

ఇక నూనె. తలంటి పోసికొని, నూనెయంతయు వదలించుకొని, మరల నూనె యేల యని యడుగవచ్చును. స్నానమునకు ముందటిది మర్దనమునకు, ఇది కాపునకు. తడి పూర్తిగా నారకమునుపే, చేతికి చెమ్మ తగులుచుండగనే, రెండు మూడు చుక్కల కొబ్బరినూనె అరచేతిలో వేసికొని, రెండు చేతులు రాపాడించి, నూనె కనబడక మెరుపు మాత్రమే కనబడునంతవరకు ఆగి, ఆ చేతులతో కొసలను నిమిరి, అటుపిమ్మట నడుమనున్న జుట్టును పైపైని తాకి విడువవలెను. కుదుళ్ళ జోలికి పోరాదు. అచ్చట చర్మము తన నూనెను తానే యిచ్చుకొనును. ధనుర్మాసమున నూనె గడ్డకట్టియుండును. ఇరువదినాలుగు డిగ్రీలకు దిగువన దాని స్వభావ మది. అప్పుడు సీసాను ఎండలో నుంచెదరే గాని పొయ్యిమీద పెట్టరు. మా యూరి చుట్టును కొబ్బరిచెట్లే గనుక మావారు కొబ్బరినూనె వాడిరని, అది కేవలము సౌలభ్యమువలన వచ్చిన యలవాటని చాలకాలము నే ననుకొంటిని. 2003లో రేలే, మోహిలే అను నిరువురు భారతీయ పరిశోధకులు కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, ఖనిజతైలమును పోల్చి చూచి, స్నానమునకు ముందు రాసినను, తరువాత రాసినను వెండ్రుకనుండి మాంసకృత్తు నష్టమును తగ్గించునది మూడింటిలో కొబ్బరినూనె యొక్కటియే యని ప్రకటించిరి. ఆ నూనెలో ఇంచుమించు సగము భాగముండు లారిక్ ఆమ్లపు అణువు చిన్నదియు, తిన్ననిదియు నగుటచే తంతువులోనికి చొరగలదు. ఖనిజతైలము పైననే నిలుచును. ఆముదము సంగతి వేరు. అది చిక్కనిది, జిగటయైనది; రాత్రి పట్టించి మరునాడు కడిగివేయుటకు దానిని మించినది లేదు గాని, కడిగిన తలకు వట్టి యాముదము రాసినచో కురులు అట్టగట్టును. మరీ గరుకైన, ఉంగరాల జుట్టు గలవారు మాత్రము కొబ్బరినూనెలో దానిని పదవవంతుగా కలుపుకొనవచ్చును.

నూనె సరిపడనివారికి జిగురులున్నవి. జిగురు నూనెవలె లోనికి చొరదు. లేచిన పొలుసులపై పలుచని పొరయై పరచుకొని, వెండ్రుకలు ఒకదానితో నొకటి రాచుకొనకుండ జారవిడుచును. రాత్రి నానవేసిన గుప్పెడు మెంతుల పైతేటను గుడ్డలో వడగట్టి తడిజుట్టుపై చిలుకరించుట మనకు తెలిసినదే. వాసన కొంచెము చేదు, గుణము దొడ్డది. అన్నము వార్చిన గంజిని ఐదారు పాళ్ళ నీటితో విరిచి, చల్లార్చి, కడపటి చెంబుగా పోసికొనుటయు నిట్టిదే. చిక్కదనము మించినచో కలంకారి బట్టకు గంజి పెట్టినట్లు జుట్టు బిరుసెక్కును, ఆరిన పిమ్మట పొట్టువలె రాలును. కలబందను కోసినవెంటనే వాడరాదు. మట్టకు అంటియుండు పచ్చని పాలు చర్మమునకు దురద పుట్టించును గనుక, కోసిన ముక్కను నిలువుగా నుంచి ఆ పాలు కారిపోనిచ్చి, లోపలి పారదర్శకమైన గుజ్జును మాత్రమే తీసికొనవలెను. అవిసెగింజల జిగురు మా చిన్ననాట లేదు, మా కోడండ్ర కాలమున వచ్చినది. కాని అది మన పద్ధతిలో చక్కగా నిమిడిపోయినది. ఒక పాలు గింజలకు ఎనిమిది పాళ్ళు నీరు పోసి, గుడ్డులోని తెల్లసొనవలె తీగ సాగువరకు సన్నని సెగపై కలియబెట్టుచు కాచి, వేడిమీదనే వడగట్టవలెను. చల్లారనిచ్చినచో గుడ్డలోనుండి దిగదు. ఈ జిగురులన్నిటికిని నీరే మూలము గనుక అవి త్వరగా పులియును, బూజు పట్టును. ఒకనాటి పనికి కావలసినంతయే చేసికొనవలెను. అవిసె జిగురును మాత్రము ఫ్రిజ్జులో వారము మించకుండ దాచుకొనవచ్చును.

కాని అమ్మమ్మ యింట ఆ వేళకు పట్టాభిషేకమన దగినది సాంబ్రాణి ధూపము. మట్టికుంపటిలో బొగ్గులు రాజుకొని, మంట చల్లారి, పైన తెల్లని నివురు గప్పువరకు వేచియుండవలెను. తొందరపడి మంటమీద వేసినచో సాంబ్రాణి కాలి మసి యగునే గాని కరగి పరిమళింపదు. చిటికెడు పొడి చల్లి, కుంపటిపై వెదురుబుట్ట బోర్లించి, ముందు తన యరచేయి బుట్టపై నుంచి, వేడి గోరువెచ్చగా నున్నదని నిశ్చయించుకొన్న పిమ్మట నన్ను వెల్లకిల పరుండబెట్టి, కురులను ఆ బుట్టమీద వెదజల్లెడిది. వెదురు సందులనుండి పొగ లేచి పాయపాయలోనికి ప్రాకుచుండగా వ్రేళ్ళతో జుట్టును విప్పుచు, తిరుగవేయుచు నుండెడిది. చెమ్మ నిలిచి ముక్కవాసన పట్టకుండ ఆర్చునది ఆ వెచ్చదనము. మరునాటికిని వీడని సువాసన నిచ్చునది ఆ సాంబ్రాణి బంక. సాంబ్రాణి సుమాత్రా, సయాము ప్రాంతముల వృక్షములనుండి స్రవించు నిర్యాసము. అరబ్బు వర్తకులు దానిని "లుబాన్ జావీ", అనగా జావా ధూపము, అని పిలిచిరి. ఆ పేరే ఐరోపా భాషలలో అరిగి బెంజాయిన్ అయినది, దానినుండియే బెంజోయిక్ ఆమ్లమునకును, బెంజీనుకును పేర్లు వచ్చినవి. ఆహారమునకు బూజు పట్టకుండ నేడు వాడు బెంజోయిక్ ఆమ్లము ఆ బంకలో సహజముగనే యున్నది.

ఈ యాచార మెంత ప్రాచీనమో తెలియగోరువారు కాళిదాసును చూడవలెను. కుమారసంభవము సప్తమసర్గలో పెండ్లికూతురైన పార్వతికి మంగళస్నానము చేయించిన పిమ్మట, ముత్తైదువలు ధూపపు వెచ్చదనముతో ఆమె కురుల తడి నార్చి, లోపల పూవులు తురిమి, గరికతో కూర్చిన ఇప్పపూలదండతో కొప్పు చుట్టుదురు. మేఘదూతమున ఉజ్జయిని మేడల గవాక్షములనుండి వెలువడు కేశధూపమే మేఘుని దేహమును పుష్టిపరచును. నూనె లేదు, రంగు లేదు. తడియు, వెచ్చదనమును, పరిమళమును, పూవును మాత్రమే. వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి, అనగా సుగంధములు కూర్చు విద్యకు, ఒక యధ్యాయమునే కేటాయించెను గాని, ఆ వేళ స్త్రీల చేతులు చేయు పనిని కాళిదాసువలె కన్నులార చూచి చెప్పినవారిని నే నెరుగను.

ఇరుగుపొరుగున నిట్టివే యున్నవి. కేరళీయులు స్నానముచేసి తల తుడుచుకొన్నంతనే రాస్నాదిచూర్ణమును చిటికెడు మాడున రుద్దుకొందురు. జలుబు చేయకుండ నది కాపాడునని వారి విశ్వాసము. హైదరాబాదులోని ముస్లిము గృహములలో లోబాను, ఊదులను ఊద్‌దానులో వేసి, ఆ పొగను కురులకు పట్టుట కలదు. పేర్లు వేరు, భాష వేరు, మాత్ర మాత్రము చిటికెడే.

ఒకటి మాత్రము నిర్మొగమాటముగా చెప్పవలెను. పసిబిడ్డకు నీళ్ళుపోసి, మూసిన గదిలో కుంపటిపొగను ముఖమునకు దగ్గరగా పట్టుట మంచిది కాదు. లేత యూపిరితిత్తులకు పొగ యేదైనను పొగయే. ఉబ్బసమున్న పెద్దలకును అంతే. వసారాలోనో, పెరటిలోనో, గాలి యాడుచోట, జుట్టుకు మాత్రమే, రెండుమూడు నిమిషములపాటు చాలును. అంగళ్ళలో నమ్ము సాంబ్రాణి కప్పులలో బొగ్గుపొడియే హెచ్చు. అవి గది ధూపమునకు పనికివచ్చునేమో గాని తలకు కాదు. అసలైన బంకముక్కను కొని యింట దంచుకొనుట కష్టమైన పని యేమియు కాదు. సీసాలలో వచ్చు సీరములును, సిలికోను పొరతో వెండ్రుకను కప్పి, నునుపు చేయునవే. వాటిని నేను నిందింపను. అయితే సీసాతోపాటు చేయి రాదు. బుట్టమీద నా కురులను తిరుగవేయుచు మా అమ్మమ్మ, ఏ కొస చిట్లినదో, ఏ పక్క జుట్టు పలచనగుచున్నదో, పిల్ల యీ వారము సరిగా తిన్నదో లేదో గ్రహించుచుండెడిది. వ్రేళ్ళకు తెలిసిన యా సంగతులను ఏ సీసామీది చీటియు చెప్పలేదు.

మా మనుమరాలు దూరదేశమున చదువుకొనుచున్నది. ఆమె గదిలో కుంపటికి తావు లేదు, పొగ లేచిన నింట గంట మ్రోగును. కావున ధూపము మాట నే నెత్తలేదు. మొన్నటి శుక్రవారము తలస్నానము చేసి, ఫోనులో నన్ను చూచుచు, "ఎన్ని చుక్కలు అమ్మమ్మా?" అని యడిగినది. రెండని చెప్పి, చేతులు రాపాడించుమంటిని. కొంతసేపటికి అరచేతులు రెండును తెరచి నా కెదురుగా చూపినది. నూనె కనబడలేదు, మెరుపు మాత్రము కనబడినది. కొసలనుండి మొదలుపెట్టుమంటిని.