గట్టు మీద నడక ఎవరిది?

ఉత్తరాంధ్ర పల్లెల మీద వచ్చే యాత్రా వ్యాసాల్లో ఒకే దృశ్యం పదేపదే కనిపిస్తుంది: కాలవ గట్టు, తాటిచెట్ల వరస, పచ్చని మళ్లు, కొంగలు. గొట్టా బ్యారేజీ నుంచి సాగే వంశధార ఎడమ కాలవ గట్టు పట్టుకుని నడిస్తే ఇవన్నీ ఉంటాయి. ఆ అందం అబద్ధమని ఎవరూ అనరు. కానీ ఆ రచయితని గట్టు మీద ఆపి "ఏ వాడరా నీది?" అని అడిగినవాడు లేడు. అతని ప్రకృతి ప్రేమకి పునాది అదే.

వాడ మనుషులు అదే గట్టు మీద నాట్లకీ కోతలకీ పోతారు, పొద్దుగూకేక తిరిగొస్తారు. వ్యాసంలో వాళ్లు కనిపిస్తే దూరంగా, రంగుచీరల్లా కనిపిస్తారు. పేరుండదు, కూలి రేటుండదు.

వంగర మండలంలో మడ్డువలస జలాశయం ఉంది. దానికోసం సేకరించగా మునగకుండా మిగిలిన భూమిని లక్ష్మీపేట దళితులు సాగుచేసుకున్నారు. ఆ భూమి తగాదాలోనే 2012 జూన్ 12న తూర్పుకాపుల దాడిలో ఐదుగురు దళితులు హతులయ్యారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం. జిల్లా మారింది గానీ నేల అదే. ఆ నీళ్ల మీద సూర్యోదయాన్ని వర్ణించి లక్ష్మీపేట ఊసెత్తని వ్యాసాన్ని అమాయకమైనదని ఎలా అనగలం?

నడవండి, వద్దనడం లేదు. గోర్జి పట్టుకుని ఊరు దాటి వాడ దాకా రండి. గట్టుకి అటు భూమి ఎవరిదో, ఇటు కూలి ఎవరిదో అడగండి. అందం గురించి ఆ తర్వాత రాయండి.