నిర్వాసితుల అధ్యయనం: చేర్చుకున్న ఊరి లెక్క

ఊరు విడిచిన మనిషికి భాషలు పెట్టిన పేర్లు గమనింపదగినవి. ‘కాందిశీకుడు’ అంటే ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడని వ్యుత్పత్తి. ‘శరణార్థి’ ఆశ్రయం కోరేవాడు. అరబీలోని ‘ముహాజిర్’ అనే మాట అతడు వదిలి వచ్చిన దానిని గుర్తు చేస్తుంది. ఇవన్నీ వచ్చినవాని పేర్లే. చేర్చుకున్నవారికి కూడా పేరు పెట్టిన చరిత్ర మదీనాది. ఆ పేరు ‘అన్సార్’, అంటే సహాయకులు. నిర్వాసితులపై వెలువడిన పలు అధ్యయనాలలో ఈ రెండవ పక్షానికి తగిన చోటు దొరకలేదు.

1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక దృష్టిలో శరణార్థి కావాలంటే హింసా భయంతో దేశపు సరిహద్దు దాటి ఉండాలి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. సుమారు 10,000 మంది మరణించారు. కోడూరు, నాగాయలంక ప్రాంతాలలో బ్రతికి బయటపడ్డవారు ఇల్లూ పొలమూ పశువులూ పోగొట్టుకున్నా ఆ నిర్వచనంలోకి రారు. ప్రకృతి వైపరీత్యం వల్ల స్వదేశంలోనే చెదిరిపోయినవారిని కూడా నిర్వాసితులుగా గుర్తించిన ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు 1998లో గాని రాలేదు.

ఈ ఉప్పెన అనంతర పరిస్థితులపై పీటర్ వించెస్టర్ ఆంగ్లంలో రచించిన గ్రంథం 1992లో వెలువడింది. గాలి అందరి మీదా వీచినా, కోలుకోవడం మాత్రం ఎవరి స్తోమతను బట్టి వారికి ఉంటుందని ఆయన నిరూపించారు. ఇది విలువైన కృషి. ఆయన పరిశోధన ఆధారంగా బ్లైకీ, కానన్, డేవిస్, విస్నర్ తమ 1994 నాటి గ్రంథంలో కృష్ణా డెల్టాకు చెందిన రెండు రైతు కుటుంబాలను పోల్చి చూపారు. ధాన్యం వ్యాపారమూ లారీ ఉన్న కుటుంబం హెచ్చరిక విని సామానుతో సహా తరలిపోతుంది. తిరిగివచ్చి, దాచుకున్న డబ్బుతో త్వరలోనే నిలదొక్కుకుంటుంది. పూరిల్లు, ఒక ఎద్దు, ఒక దూడ ఉన్న కుటుంబం బిడ్డను పోగొట్టుకుంటుంది; గూడు వేసుకోవడానికి అధిక వడ్డీకి అప్పు చేస్తుంది; దుక్కికి ఎద్దులు సమయానికి అద్దెకు దొరకక పస్తులుంటుంది.

ఈ పోలిక యథార్థమే, కాని అసంపూర్ణం. రెండు ఇళ్లనూ పక్కపక్కన నిలిపి ఆస్తులు లెక్కించారు గాని, ఆ ఇళ్ల మధ్య సంబంధాన్ని లెక్కించలేదు. బీదవానికి ఎదురైనవారు వడ్డీ వ్యాపారి, ఎద్దుల యజమాని. ప్రతి సంబంధమూ ఒక బాకీయే. పొరుగువాడు ఏం చేశాడన్న ప్రశ్న ఆ ఉదాహరణలో లేదు. శరణార్థుల కలయికపై 2008లో ఏగర్, స్ట్రాంగ్ ప్రతిపాదించిన చట్రం ఇంతకంటె మెరుగైనది. ఉద్యోగం, ఇల్లు, చదువు, ఆరోగ్యంతో పాటు సామాజిక బంధాలను కూడా అది కొలతలోకి తెచ్చింది.

మదీనా ఉదాహరణ ఈ చర్చకు అక్కరకు వస్తుంది. క్రీ.శ. 622లో హిజ్రత్ అనంతరం దైవప్రవక్త (స) ముహాజిర్లకూ అన్సార్లకూ మధ్య సోదర సంబంధం ఏర్పరిచారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపగా, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశీర్వదించి, బజారుకు దారి చూపమన్నారు. ఒకరి ఔదార్యం, మరొకరి ఆత్మగౌరవం రెండూ ఇందులో ఉన్నాయి.

ఈ ఘట్టాన్ని కేవలం పుణ్యకథగా చెప్పేవారూ పొరబడుతున్నారు. సోదరత్వం ద్వారా కల్పించిన వారసత్వపు హక్కు తరువాత రద్దయి, రక్త సంబంధీకులకే చెందింది. ఖైబర్ విజయానంతరం ముహాజిర్లు, తమకు అన్సార్లు అనుభవించుకోమని ఇచ్చిన ఖర్జూర చెట్లను తిరిగి ఇచ్చివేశారు. అంటే అది గడువు గల ఏర్పాటు; వచ్చినవాడు తన కాళ్ల మీద నిలబడేవరకే. కష్టంలో ఉన్న ఋణగ్రస్తునికి వ్యవధి ఇవ్వమన్న అల్ బఖరా సూరా 280వ ఆయత్‌నూ దీనితో కలిపి చదవాలి. కోలుకునే గడువు అప్పుపడ్డ నిర్వాసితునికీ అవసరమే.

కాబట్టి కృష్ణా డెల్టాపై ఇకముందు పరిశోధన చేసేవారు తీరంతోనే ఆగరాదు. అవనిగడ్డ, గుడివాడ, మచిలీపట్నం దారులు కలిసే పామర్రు వంటి ఊళ్లకూ రావాలి. సర్వస్వం పోగొట్టుకుని వచ్చినవానికి అక్కడ అద్దె ఇల్లు ఎవరిచ్చారు, ఏ కూలికి పని ఇచ్చారు, అప్పుకు గడువు ఎంత ఇచ్చారు అని అడగాలి. నిర్వాసితుడు ఎంత కలిసిపోయాడో లెక్క వేసినవారు, ఊరు అతణ్ణి ఎంత కలుపుకున్నదో కూడా లెక్క వేయవలసి ఉంది.