ఎఱ్ఱపెట్టెకు తాళము

బహుళాంతస్తుల భవనమునకు బోయినప్పుడెల్ల, లిఫ్టుకై వేచియుండు సమయమున నా దృష్టి మెట్లప్రక్క గోడకు బిగించిన ఎఱ్ఱపెట్టె మీదికే పోవును. అద్దపు తలుపు, లోపల చుట్టిపెట్టిన గొట్టము, ప్రక్కన గన్‌మెటల్ నాజిల్, పెట్టెకు తాళము. తాళపుచెవి యేదని వాచ్‌మన్ నడిగినచో, "సెక్రటరీగారి దగ్గరుందండీ, ఆయన ఊరెళ్లారు" అను సమాధానము నేను పలుమార్లు విన్నదే.

తాళము వేసినవారిని దూషించుట నా యుద్దేశము కాదు. ఇత్తడికిని గన్‌మెటల్‌కును పాతసామాను కొట్టులో మంచి వెల పలుకును. రాత్రికి రాత్రి నాజిళ్లు మాయమైనచో, మరల చందాలెత్తి కొన్న సంఘమువారు తాళము వేయక మఱేమి చేయుదురు?

అయినను ఆ పెట్టె యెవరి కొఱకో యోచింపవలెను. నివాసులకు 19 మి.మీ. రబ్బరు గొట్టముగల హోస్ రీల్ ప్రక్కనే యుండును. దానిని ఒక్కరే లాగి వాడవచ్చును. ఎఱ్ఱపెట్టెలోని గొట్టమునకు నీరిచ్చు 63 మి.మీ. వాల్వునుండి పొంగివచ్చు నీటి తాకిడిని నిలువరించుట శిక్షణ పొందిన చేతులకే సాధ్యము. అనగా, 101కు ఫోను చేసినంతనే పరుగెత్తివచ్చు అగ్నిమాపక సిబ్బంది కొఱకే ఆ పెట్టె యున్నది. వారు ఆ భవనమును మునుపెన్నడు నెఱుగరు. ఎఱుగనివారు సైతము పొగలో తడుముకొని పని చేయగలుగుటకే గొట్టపు కొలతలు అంతట నొక్కటిగా నిర్ణయింపబడినవి. భవనపు పంపు చెడినను ఫైరింజను నుండి నీటిని పైకి నెట్టుటకు ముంగిట ఇన్‌లెట్టు అమర్చబడినది. ఫైర్‌లిఫ్టు ఒక్క నిమిషములో పై అంతస్తు చేరవలెనని జాతీయ భవన నిర్మాణ నియమావళి విధించినది. ఇంతటి ముందుచూపును అరచేతిలో నిముడు తాళ మొకటి వ్యర్థము చేయుట నాకు దుస్సహముగా నున్నది.

వారి చేతిలో గొడ్డలి యున్నదిగదా యందురు. అద్దము పగులును, నిజమే. కాని పంపుగది ఇనుపతలుపో, గొలుసుతో కట్టిన వాల్వు చక్రమో అంత సులభముగా లొంగదు, వీపుమీది సిలిండరులో గాలియు కొలిచి పోసినదే గనుక తాళముపై పడు ప్రతి దెబ్బయు ఆ గాలినుండి తఱిగిపోవును. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది మరణించిన ఘోరములో, గడియవేసిన తలుపులు ప్రేక్షకులను పొగలోనే నిలిపివేసినవి. లోపలివారికి గడియ యెట్టిదో, వెలుపలినుండి వచ్చువారికి పంపుగది తాళ మట్టిదే.

అమెరికాలో అనేక భవనముల వెలుపలి గోడకు చిన్న ఉక్కుపెట్టె నమర్చి, లోపల భవనపు తాళపుచెవు లుంచుదురు. ఆ పెట్టెను తెరచు చెవి స్థానిక అగ్నిమాపక శాఖ యొద్దనే యుండును. మనకు అంతటి యేర్పాటు వెంటనే సమకూరకున్నను, 1944 నాటి బొంబాయి రేవు ప్రేలుడులో ప్రాణములర్పించిన సిబ్బంది స్మృత్యర్థము ఏటేట ఏప్రిల్ 14న మొదలగు అగ్నిమాపక వారోత్సవములలో, ట్రేలోని మంట నార్పి చూపుటతో సరిపెట్టక, తమ భవనపు పెట్టెనే తెరపించి, ఆ వాల్వునే త్రిప్పించి, నీరు వచ్చునో రాదో కాలనీవారు కన్నులార చూడవలెనని నా ప్రార్థన.

మా భవనమున ఎఱ్ఱపెట్టెల తాళములు తీయించి, సన్నని తీగకు సీసపు ముద్ర వేయించితిమి. లాగినంతనే తెగును, తెగినచో తెల్లవారునప్పటికి తెలియును. నాజిళ్లపై భవనము పేరు చెక్కించితిమి. పంపుగది చెవి గేటుప్రక్క అద్దపుపెట్టెలోనికి వచ్చినది. టెర్రస్ తలుపు తాళము విషయము మాత్రము సభ్యుల చర్చలో నింకను నలుగుచున్నది.