ముసుగును చూసి గిటారును మరచిన విమర్శ

ఇండొనీసియాలో పశ్చిమ జావాకు చెందిన గారుత్ జిల్లాలో 2014లో ముగ్గురు బడిపిల్లలు హెవీ మెటల్ బృందమొకటి కట్టారు. పేరు ‘వాయిస్ ఆఫ్ బాచెప్రొట్’. సుండా భాషలో ఆ చివరి మాటకు గోల అని అర్థం. 2024లో ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో వాయించిన తొలి ఇండొనీసియా బృందం వారిదే. పొగిడినవారు చాలామంది. కాని దేనిని పొగిడారు? తలమీది ముసుగును! మన పత్రికలలోనూ రచయిత్రి కథకంటె ముందు ఆమె సంసారాన్ని సమీక్షించే పెద్దలున్నారు గదా.

మార్స్యా గిటారును గూర్చి ఎవరు చెబుతారు? ఈ సంగీతంలో షడ్జమ పంచమాలను కలిపి మీటి, గాంధారాన్ని విడిచిపెడతారు. నాదాన్ని యంత్రంతో గరగరలాడిస్తారు. కుడి అరచేతి అంచును తీగలకు ఆన్చి మోతను తెగగొట్టడంలోనే పనితనమంతా ఉంది. మార్స్యా వాయిస్తూనే పాడుతుంది. రెండో గిటారు లేదు; ఆమె తీగలపై విడిగా విహరించబోతే అడుగున నిలబడేది విదీ బాస్, సితీ డ్రమ్సు మాత్రమే. ఈ బరువును తూచని ప్రశంసను నేను జాలి అంటాను.

సంగీతం పాపమని ఛాందసులు వీరిని నిందించారు. 2022లో వీరు, వాయించుకోనిమ్మని దేవుణ్నే వేడుతూ పాట కట్టారు. ఆ వేడికోలులో వినయంకంటె ఎత్తిపొడుపే నాకు ఎక్కువగా వినిపించింది.