కొన్న సాక్ష్యం

వ్యాపారికి పేరు రావడాన్ని మనవాళ్లు 'నలుగురి నోళ్లలో నానడం' అన్నారు. ఆ మాటలో పని చేసేది నలుగురు. వ్యాపారి చేతిలో ఉన్నది సరుకు మాత్రమే. తన సరుకు గొప్పదని తానే చెప్పుకుంటే అది సొంత డబ్బా అవుతుంది, వినేవాడు దానికి కట్టాల్సిన విలువే కడతాడు. ఇంటర్నెట్ వచ్చాక ఈ లెక్క మారిపోయిందన్న నమ్మకం చిన్న టిఫిన్ సెంటర్ల నుంచి పెద్ద ఆసుపత్రుల దాకా పాకింది. గూగుల్‌లో కొడితే మొదటి పేజీలో కనిపించాలి, మ్యాప్‌లో నాలుగున్నర స్టార్లకు తగ్గకూడదు, తిట్టినవాళ్ల రాతలు అడుగుకు పోవాలి. ఇందుకు నెలకు ఇంత అని ఒక ఏజెన్సీకి కట్టేస్తే పేరు దానంతటదే వస్తుందనుకుంటున్నారు. ఈ పనిని నేను తక్కువ చేయడం లేదు. వెతికేవాడికి దొరకని దుకాణం మూసేసిన దుకాణంతో సమానమైపోయిన కాలం ఇది. కానీ ఇందులో మంచికీ చెడుకీ మధ్య గీత ఒక్కచోటే ఉంది. కొన్నవాళ్లు నిజం చెప్పడానికి వీలు కల్పించినంతవరకూ అది విద్య. సాక్షిని కొన్న క్షణం నుంచి, లేదా సాక్షి వేషం తానే కట్టిన క్షణం నుంచి అది మోసం. అది గిట్టుబాటు కూడా కాని మోసం అని నా వాదన.

సెర్చ్ ఇంజిన్ ఏ పునాది మీద లేచిందో చూస్తే ఈ గీత ఎక్కడిదో తెలుస్తుంది. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ యంత్రానికి పరిశోధక లోకపు అలవాటునే అరువు తెచ్చుకున్నారు. ఒక పరిశోధన పత్రాన్ని తర్వాత వచ్చినవాళ్లు ఎంతమంది ప్రస్తావించారు, ఆ ప్రస్తావించినవాళ్లు ఎంతటివాళ్లు అన్నదాన్ని బట్టి ఆ పత్రం విలువ కట్టడం అక్కడ ఎప్పటి నుంచో ఉంది. వెబ్ పేజీకి కూడా వాళ్లు అదే కొలబద్ద పెట్టారు. నీ పేజీకి ఇంకొకరు లింకు ఇస్తే అది నీ తరఫున ఒక సాక్ష్యం, పెద్దమనిషి ఇచ్చిన లింకు ఇంకాస్త బరువైన సాక్ష్యం. అంతకుముందు చాలా సెర్చ్ ఇంజిన్లు పేజీ తన గురించి తాను ఏం రాసుకుందో ముఖ్యంగా దాన్నే చూసేవి. అందుకే ఒకే మాటను వందసార్లు కుక్కిన పేజీలు పైకి తేలేవి. గూగుల్ గెలిచింది సొంత డబ్బాను పక్కనపెట్టి నలుగురి మాట విన్నందుకు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఈ రంగంలో జరిగిన దొంగా పోలీసు ఆటంతా ఆ నలుగురినీ ఎలా పుట్టించాలన్నదాని చుట్టూనే తిరిగింది.

2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన జేసీ పెన్నీ వ్యవహారం ఇందుకు మంచి పాఠం. అమెరికాలో అది పాత, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్. దుస్తులన్నా, పరుపుల మీది దుప్పట్లన్నా, తివాచీలన్నా గూగుల్‌లో నెలల తరబడి అదే మొదట వచ్చేది. ఒక సూట్‌కేసు కంపెనీ పేరుతో వెతికినా ఆ కంపెనీ సొంత సైటు కంటే పెన్నీయే పైన ఉండేది. ఆరా తీస్తే, దుస్తులతో ఏ సంబంధమూ లేని వందలాది సైట్లలో పెన్నీకి వేలాది లింకులు అతికించి ఉన్నాయి. తమకు తెలియదని సంస్థ చెప్పింది, ఈ పని చూసే ఏజెన్సీని తీసేసింది. గూగుల్ చేత్తో శిక్ష వేసింది. సాయంత్రం 7 గంటలకు ఒకటో స్థానంలో ఉన్న ఆ సూట్‌కేసు ఫలితం రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ అనే గూగుల్ అప్‌డేట్‌తో ఇలాంటి శిక్ష చాలావరకు యంత్రం చేతికే వెళ్లింది. నిచ్చెన వేసింది ఏజెన్సీ, ఎక్కింది పెన్నీ, పడ్డదీ పెన్నీయే. నెలకింత కట్టి 'ఏం చేస్తారో మాకు అక్కర్లేదు, పైకి రావాలంతే' అనే యజమానులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

లింకుల కథ పెద్ద కంపెనీలది. మన వీధిలోని దుకాణానికి అసలు సాక్ష్యం రివ్యూలే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ అధ్యాపకుడు మైకేల్ లూకా 2011లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు రెస్టారెంట్ల ఆదాయాన్ని, యెల్ప్ అనే రివ్యూ సైటులోని రేటింగులను పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోంది. అయితే ఈ లాభమంతా సొంతంగా నడిచే రెస్టారెంట్లకే, గొలుసు రెస్టారెంట్లకు రేటింగ్ వల్ల ఒరిగిందేమీ లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. గొలుసు దుకాణం బోర్డు చూడగానే లోపల ఏం దొరుకుతుందో కొత్తవాడికి తెలుసు. ఊరికి కొత్తగా వచ్చినవాడికి సందులోని మెస్సు గురించి చెప్పేవాళ్లు లేరు, ఆ లోటు రివ్యూలు తీరుస్తాయి. అంటే ఈ వ్యవస్థ బతికుంటే బాగుపడేది చిన్నవాడే, చెడిపోతే ముందు మునిగేదీ చిన్నవాడే. అది ఎంత సులువుగా చెడుతుందో 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే రచయిత చేసి చూపించాడు. తన పెరట్లోని షెడ్డును ట్రిప్ అడ్వైజర్ అనే రివ్యూ సైటులో రెస్టారెంటుగా నమోదు చేశాడు. షేవింగ్ క్రీముతో వంటకాల్లాంటివి పేర్చి ఫొటోలు తీశాడు, స్నేహితుల చేత రివ్యూలు రాయించాడు. ఒక్క ముద్ద కూడా వడ్డించని ఆ షెడ్డు నవంబరు నాటికి లండన్ రెస్టారెంట్లలో మొదటి స్థానానికి చేరింది. దీన్ని తమాషాగా చెప్పుకుంటారు గానీ, ఆ ఏడాది లండన్‌లో నిజంగా పొయ్యి వెలిగించిన ప్రతి వంటగదికీ అది అన్యాయమే.

మరి వీలు కల్పించడమంటే ఏమిటి? ఇక్కడ మన ప్రాంతపు ఉదాహరణ తీసుకోవాలి, ఎందుకంటే ఈ విద్యలో తెలుగువాళ్లకు సొంత చిక్కులున్నాయి. 'పూతరేకులు' అన్న మాటనే చూడండి. తెలుగు లిపిలో దానికి ఒక్కటే రూపం. రోమన్ అక్షరాల్లో కొట్టేటప్పుడు మాత్రం 'పూ'కి రెండు 'ఓ'లు పెట్టేవాళ్లున్నారు, ఒక్క 'యూ'తో సరిపెట్టేవాళ్లున్నారు. 'త'కి 'టీ' ఒక్కటే చాలంటారు కొందరు, పక్కన 'హెచ్' ఉండాలంటారు ఇంకొందరు. అప్పుడే నాలుగు రూపాలయ్యాయి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఎవరు పెట్టుకోవాలో చట్టం చెప్పింది గానీ, డల్లాస్‌లో ఉన్న తెలుగమ్మాయి కొట్టే స్పెల్లింగు మీ పేజీని చేరుతుందో లేదో చట్టం చూడదు. అన్ని రూపాలూ వాక్యాల్లో సహజంగా వచ్చేలా రాసుకోవడం, అసలు పేరు తెలుగు లిపిలో తప్పకుండా ఉంచడం మీ పని. ఫోనులో నోటితో అడిగేవాళ్లకూ, తెలుగులో టైపు చేసేవాళ్లకూ ఆ లిపే దారి. చిరునామా సంగతీ అంతే. మనకు డోర్ నంబరు కంటే 'పాత బస్టాండు ఎదురుగా, రామాలయం పక్క సందు' అన్నదే చిరునామా, అది అలాగే రాసి ఉండాలి. మ్యాప్‌లో గుర్తు గుమ్మం మీదే పడాలి. పండగ రోజు మూసేస్తే ఆ సంగతి ముందే పెట్టాలి. తెరిచి ఉందన్న మాట నమ్మి వచ్చి తాళం చూసినవాడు ఇచ్చే ఒక్క స్టార్‌లో అబద్ధం లేదు.

ఇంతకంటే విలువైన పని ఇంకొకటుంది. కొనేవాడికి పరీక్ష పెట్టుకునే తెలివి ఇవ్వడం. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దుతారు. అందువల్ల డిజైను చీరకు రెండు వైపులా కనిపిస్తుంది, గీతల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. పైపైన అచ్చేసిన నకిలీ చీరను తిరగేస్తే రంగు వెలవెలబోతుంది. ఈ ముక్కను ఒక నేత సంఘం తన పేజీలో ఫొటోలతో, మగ్గం దగ్గర తీసిన చిన్న వీడియోతో వివరించిందనుకోండి. చీరలు కొనేవాళ్లు దాన్ని ఒకరికొకరు పంపుకుంటారు, చేనేత గురించి రాసేవాళ్లు దానికి లింకు ఇస్తారు. ఎవరినీ అడుక్కోనక్కర్లేదు, కొననక్కర్లేదు. 'మా చీరలు నాణ్యతకు మారుపేరు' అని పదిసార్లు రాసిన పేజీకి ఎవరు లింకిస్తారు, ఎందుకిస్తారు? తనకు తెలిసిన పనిని దాచుకోకుండా చెప్పినవాడి దగ్గరికే సాక్షులు వాళ్లంతట వాళ్లు వస్తారు. గూగుల్ తన నాణ్యతా మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో 'అనుభవం' అన్న కొలతను చేర్చింది. రాసినవాడు ఆ పని నిజంగా చేశాడా, ఆ వస్తువు వాడాడా అన్నది చూడమని దాని అర్థం. మగ్గం మీద కూర్చున్నవాడి దగ్గర అది దండిగా ఉంది.

'ఇవన్నీ బాగానే ఉన్నాయి, పక్కవాడు వంద దొంగ రివ్యూలు కొని నా గిరాకీ ఎగరేసుకుపోతుంటే నేను ఫొటోలు పెట్టుకుంటూ కూర్చోవాలా?' అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్న. దొంగ రివ్యూ కొంతకాలం పనిచేస్తుంది, ఒప్పుకోవాలి. పెన్నీ కూడా పండగ సీజనంతా పైనే ఉంది. లూకా, జార్జియోస్ జెర్వాస్ కలిసి చేసిన ఇంకో అధ్యయనంలో బోస్టన్ రెస్టారెంట్ల మీద వచ్చిన రివ్యూల్లో దాదాపు 16 శాతాన్ని యెల్ప్ అనుమానాస్పదమని పక్కనపెట్టినట్టు తేలింది. ఆ పనికి ఎక్కువగా దిగేది ఎవరు? రివ్యూలు తక్కువున్నవాళ్లు, ఈమధ్యే చెడ్డ రివ్యూలు పడ్డవాళ్లు. అంటే లోపలి లోపాన్ని సరిదిద్దుకోవాల్సిన సమయంలోనే బయట రంగు వేస్తున్నారు. నష్టం అక్కడే ఉంది. 'సాంబారు చల్లారిపోయింది, బిల్లుకు ఇరవై నిమిషాలు పట్టింది' అని రాసినవాడు పైసా అడగకుండా మీ హోటల్ తనిఖీ చేసిపెట్టాడు. ఆ మాట మీద అయిదేసి స్టార్ల దొంగ రివ్యూలు యాభై కుప్పపోస్తే సాంబారు వేడెక్కదు. ఆ స్టార్లు చూసి ఇంకా పెద్ద ఆశతో వచ్చినవాడు ఇంకా గట్టిగా తిడతాడు. కౌంటరు దగ్గర ట్యాబ్ పెట్టి, బాగుందన్నవాళ్లను గూగుల్‌కీ బాగాలేదన్నవాళ్లను లోపలి ఫారానికీ మళ్లించే పద్ధతి కూడా ఈ కోవలోదే. మెచ్చుకునేవాళ్లనే ఏరి అడగడాన్నీ, రివ్యూకు బదులుగా డిస్కౌంట్ ఇవ్వడాన్నీ గూగుల్ నియమాలు ఒప్పుకోవు.

చట్టం కూడా ఇటే నడుస్తోంది, నడక మాత్రం నెమ్మది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మేవాడు కొన్నవాడిలా నటించి రివ్యూ రాయకూడదు. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసమే ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది, డబ్బిచ్చి రాయించిన రివ్యూలను ప్రచురించకూడదంది. అయితే దాన్ని స్వచ్ఛందంగా పాటిస్తే చాలన్నారు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మాత్రం దొంగ రివ్యూలు అమ్మినా కొన్నా జరిమానా వేసే నిబంధనను 2024 అక్టోబరు నుంచి అమల్లో పెట్టింది. తూకం రాయిలో మోసానికి శిక్ష ఉన్న దేశంలో, తూకం రాయి లాగే పనిచేస్తున్న రేటింగులో మోసాన్ని ఇష్టాయిష్టాలకు వదలడం తప్పు. మన ప్రమాణం తప్పనిసరి కావాలి.

సెర్చ్ ఇంజినే పై స్థానం అమ్ముకుంటోంది కదా అన్నది ఇంకో అభ్యంతరం. అవును. ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజిన్ ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని పేజ్, బ్రిన్ తమ 1998 పత్రంలోనే హెచ్చరించారు. ఆ తర్వాత తామే ఆ దారి పట్టారు. అయినా ప్రకటన మీద ప్రకటన అని రాసి ఉంటుంది. గోడ మీద పోస్టర్ అతికించినవాడికీ, కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెప్పించినవాడికీ ఉన్నంత తేడా ఇది.

కక్షతో, పోటీతో రాసిన రివ్యూల మాటేమిటి? అవి ఉన్నాయి. దగ్గరలో అదే తరహా వంట అమ్మేవాళ్లు ఎక్కువైన కొద్దీ దొంగ తిట్లు పెరుగుతాయని పైన చెప్పిన బోస్టన్ అధ్యయనమే తేల్చింది. ఆధారం ఉంటే ఫిర్యాదు చేయాలి. కానీ ప్రతి విమర్శకూ లాయరు నోటీసు పంపితే ఏమవుతుందో 2003లో గాయని బార్బ్రా స్ట్రైసాండ్ కేసు చూపింది. కాలిఫోర్నియా తీరం ఫొటోల్లో తన ఇల్లు కనిపిస్తోందని ఆమె 5 కోట్ల డాలర్లకు దావా వేసింది. దావాకు ముందు ఆ ఫొటోను డౌన్‌లోడ్ చేసుకున్నది ఆరుసార్లు, అందులో రెండు ఆమె లాయర్లవే. దావా వార్త పాకాక ఒక్క నెలలో 4 లక్షలకు పైగా జనం ఆ సైటు చూశారు. అందుకే చెడ్డ రివ్యూకు జవాబే మందు. ఆ జవాబు రాసేటప్పుడు తిట్టినవాడితో పాటు రేపు దాన్ని చదవబోయే వందమందినీ ఎదుట ఊహించుకోవాలి. 'ఆ రోజు వంటమనిషి రాలేదు, ఆలస్యమైంది, తప్పు మాదే, ఇప్పుడు ఇద్దరిని పెట్టాం' అన్న రెండు ముక్కలు యాభై పొగడ్తల కంటే ఎక్కువ నమ్మకం తెస్తాయి. అన్నిటి కిందా ఒకే అచ్చు క్షమాపణ అతికించడం కంటే మౌనం నయం.

కృత్రిమ మేధ వచ్చాక ఈ మాటలన్నీ పాతబడ్డాయనేవాళ్లూ ఉన్నారు. లింకులు చూపించే బదులు యంత్రమే జవాబు అల్లి ఇస్తోంది కదా అంటారు. ఆ జవాబు దేనితో అల్లుతోంది? మనుషులు ఎక్కడో రాసిన మాటలతోనే. 2024 మేలో అమెరికాలో గూగుల్ ఈ సౌకర్యం తెచ్చిన కొత్తలో, పిజ్జా మీద చీజ్ జారిపోకుండా జిగురు కలపమని సలహా వచ్చింది. అంతకు పదకొండేళ్ల ముందు ఎవరో రెడిట్ అనే చర్చా వేదికలో సరదాగా రాసిన వ్యాఖ్య దానికి మూలం. సాక్షి ఎవరో, ఏ సందర్భంలో అన్నాడో చూడకుండా మాటను మాత్రమే నమిలితే అలాగే ఉంటుంది. లింకుల జాబితా ఉన్నప్పుడు మనం నాలుగు చోట్ల తెరిచి పోల్చుకునేవాళ్లం. ఇప్పుడు ఆ అవకాశం తగ్గుతోంది కాబట్టి మూలంలో ఉన్న సాక్ష్యం శుభ్రంగా ఉండాల్సిన అవసరం ఇంకా పెరిగింది.

ఆ శుభ్రత సగం పాఠకుల చేతిలో ఉంది. ఈ వారం మీరు మెచ్చిన ఒక చిన్న దుకాణం గురించి రెండు వాక్యాలు రాయండి. ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఏది బాగుంది, ఏది బాగాలేదు అన్నవి చాలు. డిస్కౌంట్ ఇస్తామన్నవాడికి మాత్రం రాయకండి. దొంగ రివ్యూలు నమ్మి మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.