మూగబొమ్మకు మాట

జాషువాను గురించి రాసేవాళ్ళు సాధారణంగా 'గబ్బిలం'తో మొదలుపెట్టి కాళిదాసు దగ్గర ఆగుతారు. సందేశకావ్యం గనుక మేఘదూతం జ్ఞాపకం రావడం సహజమే. నేను మాత్రం రాజమండ్రిలో సినిమాహాలు దగ్గర మొదలుపెడతాను.

1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడుగా పనిచేశాడు. తెరమీద బొమ్మల పెదవులు కదులుతాయి, మాట వినపడదు. కథా, సంభాషణలూ చదివి వినిపించడం వాచకుడి పని. పొట్టకోసం చేసిన చిల్లర ఉద్యోగమని మన విమర్శకులు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకలా తోచదు.

రాజమండ్రికి కొద్ది మైళ్ళలో కడియం ఉంది. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి పుట్టిన ఊరు. తిరుపతి వెంకటకవుల శతావధానాలకు గద్వాల, ఆత్మకూరు సంస్థానాలు నీరాజనం పట్టాయి. వందమంది పృచ్ఛకులకు పద్యాలు చెప్పి, చివర అన్నీ అప్పజెప్పడం సామాన్యమైన శక్తి కాదు. దాన్ని గారడీ అని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. కాని ఆ సభలో అడిగేవాడికి కూడా పాండిత్యం కావాలి. కులం కూడా కావాలి. వినుకొండలో ఒక అవధాన సభలో జాషువా పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి లోపలికెందుకు రానిచ్చారని అవమానించారు. సినిమాహాల్లో అలా కాదు. అక్కడ కూర్చున్న వాడికి కావలసింది కథ అర్థం కావడం, అంతే.

'గబ్బిలం' 1941లో వచ్చింది. అందులో అంటరానివాడు గుళ్ళోకి పోలేడు, గబ్బిలం పోగలదు. తన గోడు శివుడి చెవిన వెయ్యమని దాన్ని బతిమాలుతాడు. యక్షుడిది విరహమూ ఇతనిది ఆకలీ అని అందరూ చెప్పిందే. నేను చూసేది మాట తీరు. కావ్యమంతా నోరులేని ప్రాణి ముందు ఒక మనిషి చెప్పుకుపోయే మాట. ఎదటినుంచి జవాబు రాదు. అలాంటిచోట మాటను నిలబెట్టడం రాజమండ్రిలో అలవాటైన విద్య అని నా అనుమానం. ఛందస్సు పండితులదే, అయినా పైకి చదివితే అక్షరం రానివాడికీ అందుతుంది.

ఆ గొంతు తరవాత గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు కుర్రవాళ్ళకు పాఠం చెప్పింది. రేపు పల్లెబడుల్లో పిల్లలచేత అక్షరాలు దిద్దించవలసిన కుర్రవాళ్ళు వాళ్ళు. 1957-59లో మద్రాసు రేడియోలో పనిచేసింది. నడుమ రెండో యుద్ధకాలంలో యుద్ధప్రచారమూ చేసింది. ఇది నాకు మింగుడుపడదు. అయితే 1942 తరవాత మనవాళ్ళు కూడా ప్రజాయుద్ధమన్నారు గనుక నేను గొంతు పెంచను.

చివరికి చెళ్ళపిళ్ళవారే జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఆనాటితో కులం కరిగిపోయినట్టు మన ఉపన్యాసకులు చెబుతుంటారు. ఆ వృద్ధుడి ఔదార్యాన్ని నేను తక్కువ చెయ్యను. కాని ఆయన శిష్యులుగా ప్రసిద్ధికెక్కిన విశ్వనాథ, పింగళి, కాటూరి, వేటూరి పేర్లు వరసగా చదవండి. మాలమాదిగ పల్లెల కుర్రవాడు అందులో ఒక్కడైనా ఉన్నాడా?

నేను క్లాసులో 'గబ్బిలం' మొదలుపెట్టేటప్పుడు మేఘదూతం పేరు ఎత్తను. ముందు మూకీ వాచకుడి సంగతి చెప్పి, పుస్తకం వెనకబల్ల కుర్రవాడి చేతికిచ్చి పైకి చదవమంటాను.