లాభం... రెండు... మూడు

కోతలు మొదలయ్యాయంటే మిర్యాలగూడ రోడ్లు ట్రాక్టర్లవే. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు హుజూర్‌నగర్, కోదాడ వైపు నుంచి కూడా వచ్చి మిల్లు గేట్ల ముందు బారులు తీరతాయి. ఈ రాతల్లోకి రాకముందు నేను అక్కడో మిల్లులో గుమాస్తాని. చేతికి గట్టిగా పట్టుబడిన పని ఒకటే, బస్తాలు ఎంచడం. ఇదీ ఒక విద్యేనా అంటారేమో! ఎండలో నిలబడి లారీకెక్కే బస్తాలను ఒక్క గంట ఎంచి చూడండి.

హమాలీ బస్తా వీపున వేసుకుని ముందు నుంచి పోతుంటే గుమాస్తా గీత గీస్తాడు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. జట్టులో ఎవడో ఒక మాటకారి ఉంటాడు. వాడు పనిలోకి వచ్చిన రోజు మిల్లు తీరే వేరు. కొత్త అల్లుడి మీదో మేస్త్రీ మీదో వాడొక మాట విసిరితే జట్టంతా పగలబడి నవ్వి, బీడీ సంగతి మరిచి ఇంకో లోడు లేపేది. అదే నవ్వుకు గుమాస్తా తలెత్తాడా, ఓ గీత గల్లంతే. మా పెద్ద గుమాస్తాకూ నవ్వొచ్చేది. కానీ అడ్డగీత పడ్డాకే నవ్వేవాడు!

సంతోషం పనికి మంచిదా, చెడ్డదా అని నన్నడిగితే, ఏ పనికి అని తిరిగి అడుగుతాను. 2007లో టొరంటో పరిశోధకులు కొందరికి హుషారైన సంగీతం వినిపించి పరీక్షలు పెట్టారు. సంబంధం లేనట్టు కనిపించే మాటల మధ్య లంకె పట్టడంలో వాళ్లు మెరుగయ్యారు. పక్కనున్న అక్షరాలను పట్టించుకోకుండా నడిమి అక్షరాన్నే చూడమంటే మాత్రం తడబడ్డారు. మనసు విచ్చుకుంటే చూపూ వెడల్పవుతుంది, అక్కర్లేనివి కూడా లోపలికొస్తాయి. అంతకుముందు 1987లోనే ఆలిస్ ఐసెన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కాసేపు హాస్య చిత్రం చూపించి, చిక్కుముడి లాంటి సమస్య ఇస్తే ఎక్కువమంది విప్పగలిగారని చూపించింది. అది నాకు వింతగా తోచలేదు. సాయంత్రం చిట్టాకూ ఆవర్జాకూ పొత్తు కుదరనప్పుడు, ముఖం ముడుచుకుని అదే పేజీ తిరగేసేవాడికి తప్పు దొరకదు. టీ తాగి నాలుగు కబుర్లాడి వచ్చినవాడికి, ఆ పద్దు వేరే ఖాతాలో పడిందేమోనన్న ఊహ తడుతుంది.

ఇక నిగ్రహం మాట. మనసును బిగబట్టి అలిసినవాళ్లకు హాస్యం చూపించినా, అనుకోని కానుక ఇచ్చినా మళ్లీ పట్టు చిక్కుతుందని డయాన్ టైస్ బృందం 2007లోనే రాసింది. అయితే నిగ్రహం వాడేకొద్దీ ఖర్చయిపోతుందనే అసలు సిద్ధాంతాన్ని 2016లో 23 ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే దాదాపు ఏమీ తేలలేదు. నవ్వితే హమాలీకి ఇంకో లోడుకు ఓపిక రావడం నేను కళ్లారా చూసిందే. దానికి కారణం ఈ ఖర్చు లెక్కేనంటే మాత్రం ఒప్పుకోను.

సంతోషం వల్ల చూపు సడలడం తెలిసినవాళ్లు ఇంకో చోటా ఉంటారు. వడ్లలో తేమ 17 శాతం దాటితే ప్రభుత్వ కేంద్రంలో కొనరు, మిల్లులో తరుగు తీస్తారు. ఆ బేరం దగ్గర రైతుకు కుర్చీ వేసి, టీ తెప్పించి, పిల్లల చదువులు ఆరా తీస్తారు. ముసలి రైతులు టీ తాగుతూనే కన్ను మాత్రం కాటా మీద ఉంచేవాళ్లు. వాళ్లకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

కల్లంలో కుంచంతో వడ్లు కొలిచేవాళ్లు మొదటిదాన్ని ఒకటి అనరు, ‘లాభం’ అంటారు. సంతోషానికి చోటు అక్కడ, మొదట్లో. రెండు నుంచి ఇక అంకెలే, మధ్యలో ఎవరు పలకరించినా జవాబుండదు.

బండి నడిపేవాడికీ ఇదే లెక్క. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. హైదరాబాద్–విజయవాడ హైవే గుట్ట పక్క నుంచే పోతుంది. జాతరప్పుడు లారీలను దారి మళ్లిస్తారు గానీ, ఊళ్ల నుంచి వచ్చే ట్రాక్టర్లు, వ్యాన్లు ఆ రోడ్డెక్కక తప్పదు. ‘ఓ లింగా’ అంటూ బండెడు జనం కేకలు వేస్తుంటే డ్రైవరుకూ హుషారొస్తుంది. బయలుదేరేటప్పుడు వాడితోనూ కేక వేయించండి, దారిలో టీ ఇప్పించండి. హైవే ఎక్కాక మాత్రం వాడిని మాటల్లోకి దింపకండి, మీ ఫోన్లో వీడియో వాడి ముఖం ముందు పెట్టకండి.